నిలబెట్టిన బండ

మా పరిచయం తిట్లతో మొదలైంది. తిట్టింది ఆమె, తిన్నది నేను.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక పాత పెంకుటిల్లు ఉండేది. దాని పెరట్లో ఒక రేకుల షెడ్డు నాకు కిరాయికి దొరికింది. పొద్దున పంజగుట్టలో ఒక బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పేదాన్ని. ఒంటిగంటకల్లా షెడ్డుకొచ్చి రాళ్లు చెక్కేదాన్ని. దేవుళ్లను కాదు, నాయకులను కాదు. చింతగింజలు, తుమ్మకాయలు, విచ్చుకోని మొగ్గలు, వాగుల్లో అరిగిన గుండ్లు, వాటిని చూసీ చూసీ మనసులో మిగిలిన ఆకారాలు. మాది నేతపనివాళ్ల కుటుంబం. మా నాన్న మగ్గం వదిలి సిటీకొచ్చి టైలరయ్యాడు. బట్ట కత్తిరించే ఇంట్లో పుట్టి రాయి కత్తిరించడమేమిటని ఆయన చివరిదాకా తల పట్టుకున్నాడు.

షెడ్డులో దిగిన మొదటిరోజే గ్రైండర్ ఆన్ చేశాను. పావుగంట అయిందో లేదో తలుపు మీద దబదబా బాదుడు.

"ఎవలమ్మ నువ్వు? కండ్లు కనవడ్తలెవ్వా? యాభై దుప్పట్లు ఆరేసిన. అన్నిటి మీద బూడిద చల్లినవ్ కద!"

బయటికొచ్చి చూస్తే నిజమే. పెరడంతా తీగలు, తీగల నిండా ఆమె ఉతికి ఆరేసిన లేడీస్ హాస్టల్ దుప్పట్లు, వాటి నిండా నా రాతిదుమ్ము. తప్పు నాదే. కానీ నా నోరు ఊరుకుంటుందా? "కిరాయి కట్టి తీస్కున్న జాగ ఇది. నీ దుప్పట్లు ఇంకోకాడ ఆరేస్కోరాదు?" అన్నాను.

"నువ్వు కిరాయి నిన్న కట్టినవ్. మా అత్త ఈడ బట్టల బండ ఏసిననాడు నువ్వు పుట్టినవో లేదో!"

అంతే, కొంగు దోపుకుని యాభై దుప్పట్లూ తీగల మీంచి లాగి మళ్లీ నానబెట్టింది. ఆ వయసులో, ఆ ఎండలో. అప్పుడు సిగ్గేసింది నాకు. హౌజులోంచి బిందెలతో నీళ్లు తోడి పోశాను. ఆమె వద్దనలేదు, థాంక్స్ చెప్పలేదు. సాయంత్రం వెళ్తూ ఒప్పందం మాత్రం చెప్పి వెళ్లింది. నాలుగింటికి బట్టలు తీసేస్తుంది. అప్పటిదాకా నేను ఉలి, సుత్తి మాత్రమే వాడాలి. నాలుగు తర్వాత గ్రైండర్ నా ఇష్టం. ఆమె క్రిస్టియన్, ఆదివారం బట్టలు ఉతకదు. కాబట్టి ఆదివారం పెరడంతా నాది.

ఆ ఒప్పందం పదేళ్లు నడిచింది. ఒక్కరోజు కూడా ఆమె తప్పలేదు. వర్షాకాలంలో దుప్పట్లు ఆరకపోయినా, తడివే బుట్టలో వేసుకుని నాలుగింటికి తీగలు ఖాళీ చేసేది. "జర ఆగు టీచరమ్మా" అని అడగడం ఆమెకు నామోషీ. నేను ఆమెను అక్క అనేదాన్ని. నాకన్నా పదిహేనేళ్లు పెద్దది.

నా రాళ్లంటే ఆమెకు మహా తమాషా.

"గిదేంది టీచరమ్మా, ఆలుగడ్డనా?"

"కాదక్కా, చింతగింజ."

"చింతగింజకు గింత రాయి ఎందుకు? ఇంట్ల డబ్బ నిండ ఉంటయ్ కద!"

చెప్పడానికి ప్రయత్నించేదాన్ని. గింజను గింజలాగా చెక్కడం కాదక్కా, గింజలో దాగిన ఉబ్బును, ఆగిన ఊపిరిని చెక్కడం అని. ఓపిగ్గా అంతా విని, "మంచిగుంది గని, నున్నగ లేదు" అనేసి పోయేది. కోపం నషాళానికి అంటేది. కాసేపయ్యాక కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చూస్తే, నిజమే, ఎక్కడో ఒకచోట చిన్న మిట్ట తగిలేది. కంటికి దొరకని మిట్ట అరచేతికి దొరుకుతుంది. మా పనిలో చివరి పరీక్ష అదే. ఆ పరీక్ష ఆమె ఎలా పెడుతోందో, అదీ దూరం నుంచి, నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఆమె బండ సంగతి చెప్పాలి.

మూడున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, జానెడు మందం. నల్లరాయి, ఒక మూల ఎర్రటి చార. బంజారా హిల్స్‌లో గుట్టలు పగలగొట్టి బంగళాలు కడుతున్న కాలంలో ఆమె మామ అక్కడ కూలికి పోయేవాడట. అక్కడినుంచి ఒక ముక్కను ఎడ్లబండి మీద తెచ్చి పెళ్లానికిచ్చాడు. "మంది పెండ్లాలకు చీరెలు తెస్తరు, మా మామ బండ తెచ్చిండు" అని నవ్వేది. ఆ అత్త చేతులాడినన్నాళ్లూ దాని మీద ఉతికింది. అత్త తర్వాత ఈమె. ఇద్దరూ కలిసి అరవై ఏళ్లు. నల్లరాయి అంత తేలిగ్గా అరగదు. అరవై ఏళ్లకు అరిగింది అంగుళం లోతు. నిలబడే వైపు నుంచి మెల్లగా దిగి, నడుమ కాస్త ఆగి, ఎడమ అంచు దగ్గర, బట్టను మెలితిప్పి పిండే చోట, సన్నగా లేచేది. అంతే. అంతకన్నా ఏమీ లేదు.

అంత అందమైన వంపును నేను నా జన్మలో చెక్కలేదు. చెక్కలేనని కూడా తెలుసు. ఆమె లేని ఆదివారాల్లో ఎన్నిసార్లు కళ్లు మూసుకుని దాని మీద అరచెయ్యి జరిపానో! ఒక్క మిట్ట లేదు. వాగు గుండ్లను నీళ్లు ఎలా అరగదీస్తాయో దీన్నీ నీళ్లే అలా అరగదీశాయని అనుకునేదాన్ని. ప్రకృతి పని అనుకునేదాన్ని. ఆ నీళ్లు పోసిన చేతులు, బాదిన భుజాలు నా లెక్కలోకి రాలేదు. ప్రకృతిని చూసి చెక్కేవాళ్లకు ఉండే జబ్బు ఇది. ఏదైనా బాగుంటే దాన్ని చేసిన మనిషి కనబడదు, వానా గాలీ కనబడతాయి.

రెండేళ్ల కిందట ఇంటి ఓనరు జాగాను బిల్డర్‌కిచ్చేశాడు. ఇంకో హాస్టల్ కట్టడానికి. నెలలో ఖాళీ చేయమన్నారు. పంజగుట్టలో మా చిన్నాయన టైలర్ షాపు వెనక గోడౌన్ ఒకటి చూసుకున్నాను. అక్క శ్రీనగర్ కాలనీ వెనక మరిది ఇంటి పెరట్లో కుళాయి పక్కన చోటు చూసుకుంది. అంతలో జహీరాబాద్‌లో ఉన్న బిడ్డకు ఆపరేషన్ అని కబురు రావడంతో ఉన్నపళాన బయల్దేరింది.

"టీచరమ్మా, నేను అచ్చేదాక బండను జర చూస్కో. నువ్వైతె రాళ్ల మనిషివి, నీకు చెప్పాల్నా. మా మరిదికి చెప్తె ఇరగ్గొట్టి తెస్తడు."

"నా రాళ్లతోనే ట్రాలీల ఎక్కిస్తక్కా. నా గోడౌన్ల ఉంటది. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను. నమ్మండి, నమ్మకపోండి, అప్పటికి నా మనసులో ఏమీ లేదు. నలుగురు హమాలీలను పెట్టి, తాళ్లు కట్టి, అడుగున గోనెసంచులు పరిచి బండను ట్రాలీ ఎక్కించాను. "మేడమ్, బట్టల బండకు గింత ఇజ్జతా" అని హమాలీలు నవ్వారు. మెట్రో స్తంభాల కింద గతుకుల్లో ట్రాలీ ఎగిరినప్పుడల్లా డ్రైవర్‌ను తిడుతూనే ఉన్నాను.

గోడౌన్‌లో దాన్ని గోడకు ఆనించి నిలబెట్టారు. అక్కడే వచ్చింది చిక్కు.

పదేళ్లు ఆ బండను పడుకోబెట్టి చూశాను. నిలబెట్టి ఎప్పుడూ చూడలేదు. పై రేకుల సందులోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వంపు మొత్తం, కింద నుంచి పైదాకా, ఒక్కసారిగా లేచి నిలబడింది. వరద తీశాక ఇసుకలో మిగిలే జాడలా ఉంది. నేను సుత్తి కింద పెట్టేసి నేలమీద కూర్చుండిపోయాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. బంజారా హిల్స్‌లో ఒక గ్యాలరీవాళ్లు రెండు నెలల్లో ప్రదర్శన పెడతామన్నారు. పాతికేళ్ల నా పనిలో అలా పిలవడం అదే మొదటిసారి. నా దగ్గర పదకొండు రాళ్లున్నాయి. పదకొండూ చింతగింజలే, అంటే అక్క భాషలో ఆలుగడ్డలే. నడుమ హాల్లో నిలబెట్టడానికి తగినది ఒక్కటీ లేదు.

వారం తర్వాత, మధ్యాహ్నం, ఫోన్ మోగింది.

"వందనాలు టీచరమ్మా. బిడ్డకు మంచిగైంది, దేవుని దయ. పొద్దుగాల్నే అచ్చిన. బండ కోసం మా మరిదిని ఆటో తోలమంటున్న. ఎప్పుడు రమ్మంటవ్?"

బండ నా ఎదురుగానే ఉంది. ఒక్క గీత కూడా పడలేదు. అది గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం మరచిపోలేకపోతున్నాను.

"అక్కా..." అన్నాను. తర్వాత ఏం చెబుతానో నిజంగా నాకే తెలియదు. "బండ లేదక్కా. పగిలిపోయింది."

అంతటితో ఆగలేదు నేను.

"నా సామాను ఎక్కిస్తుంటెనే బుల్డోజర్ అచ్చిందక్కా. ఆగమన్న. దానికి అడ్డం నిలవడ్డ. డ్రైవర్ ఇనలే. ముక్కలు ముక్కలు చేసిండు."

అడ్డం నిలబడ్డానని ఎందుకన్నాను? అబద్ధం ఒక్కటి చాలదా? దాని నెత్తిన పువ్వు కూడా పెట్టాలా? ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అటువైపు అక్క ఏడుస్తోంది. "నీకేం కాలే కద బిడ్డా?" అని అడిగింది. పదేళ్లలో నన్ను బిడ్డా అనడం అదే మొదలు.

ఫోన్ పెట్టేసి గ్రైండర్ ఆన్ చేశాను. ఎందుకంత తొందరంటే, మనసు మారుతుందని భయం. మారకముందే తిరిగివ్వడానికి వీల్లేకుండా చేసేయాలి. వంపు మొదలయ్యే చోటికి కింద, అడుగున జానెడు ముక్క కోసేశాను. రాయి నిలబడడానికి రెండు రంధ్రాలు తొలిచి ఇనుపకడ్డీలు దించాను. పక్కలు వాల్చాను. వంపును మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకునే ధైర్యం లేదు. మూడు వారాల్లో పని అయిపోయింది. "ఏరు" అని పేరు పెట్టాను.

నేను ఏరు చెక్కుతున్న ఆ మూడు వారాల్లో అక్క కొత్తబండ తెప్పించుకుంది. గ్రానైట్ యార్డు నుంచి, కోసిన వైపు కింద పెట్టి, గరుకు వైపు పైకి. ఒకరోజు స్కూలు గేటు దగ్గర నాకోసం నిలబడి ఉంది. చేతులు వెనక పెట్టుకుంది. అడగ్గా అడగ్గా చూపించింది. వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయింది. రెండు వేళ్లకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.

"కొత్తబండ కద, గోకుతుంది. హాస్టల్ పరదా సుత చిరిగింది, వార్డెనమ్మ లొల్లి పెట్టింది. నీకు రాళ్ల సంగతి ఎరుక కద, జర నున్నగ చేసిస్తవా?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె నోట రాయి అన్న మాట వినగానే నా చెయ్యి జుట్టులోని రాతిదుమ్ము దులుపుకుంది. వెళ్లాను. వెళ్లకుండా ఎలా ఉంటాను? రెండు ఆదివారాలు, ఆమె చర్చికి పోయిన వేళ, ఆమె మరిది పెరట్లో కూర్చుని ఆ బండను నా ఒడుపంతా పెట్టి రుద్దాను. ముతక డిస్కు, సన్న డిస్కు, తర్వాత నీళ్లు పోస్తూ చేత్తో. బాగా చేయాలి, ఈమెకు ఇంతకన్నా మంచిబండ ఇచ్చేయాలి, ఇచ్చేస్తే నా బాకీ చెల్లు అనుకున్నాను.

సోమవారం ఫోను. నవ్వుతోంది.

"టీచరమ్మా, అద్దం చేసినవ్ కద! మొఖం చూస్కోని బొట్టు పెట్టుకోవచ్చు, అది గూడ నాకు లేకపాయె! దుప్పటి ఏస్తె జారి మోరీల వడ్తుంది."

అప్పుడు గాని నాకు తెలియలేదు. ఉతికే బండ నున్నగా ఉండాలి, కానీ పట్టు ఉండాలి. గుడ్డ చిరగకూడదు, జారకూడదు. చేతికి మెత్తగా, గుడ్డకు గట్టిగా ఉండాలి. పాతికేళ్లుగా రాయిని నునుపు చేస్తున్న నాకు ఆ నునుపు తెలియదు. మళ్లీ వెళ్లి, రోళ్లకు గాట్లు కొట్టినట్టు సన్న ఉలితో బండంతా గాట్లు కొట్టాను. మళ్లీ గోకింది. "కానీ తియ్యి. పది పదిహేనేండ్లకు దానంతటదే మంచిగైతది" అంది అక్క. ఆమెకప్పుడు అరవై రెండేళ్లు.

తర్వాతి నెలలో ఒక శనివారం ఆ పెరట్లోనే షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టింది. బిడ్డ బతికినందుకు, కొత్తచోట పని దొరికినందుకు దేవుడికి థాంక్స్ చెప్పుకోవడం. నన్ను రమ్మంది. మానేద్దామని వంద సాకులు వెతికాను. "నువ్వు రాకుంటె నేను ప్రార్థన షురూ చెయ్యనియ్య" అంది. సరే, పోయాను. ముందువరసలో పాస్టరయ్య పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి పదిమందిలో చెప్పడం. అక్క లేచింది.

"ప్రభువుకు స్తోత్రం. మా అత్త ఇచ్చిన బండ పోయింది. మస్తు ఏడ్సిన. నాకు ఎవలు లేరు అనుకున్న. కని గీ టీచరమ్మ, మన మందిరం మెట్టెక్కని మనిషి, నా బండ కోసం బుల్డోజర్‌కు అడ్డం నిలవడ్డది. దాని పానం సుత చూస్కోలే. దేవుడు నాకు బండ తీస్కోని మనిషిని ఇచ్చిండు."

"స్తోత్రం, స్తోత్రం" అన్నారందరూ. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. పాస్టరయ్య నా తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. దొంగకు తేలు కుట్టినట్టు తలవంచుకుని కూర్చున్నాను. దాన్ని వినయం అనుకున్నారు. భోజనాల్లో అక్క వెతికి వెతికి మంచి ముక్కలు నా ప్లేట్లో వేసింది. తిన్నాను. అదీ చెప్పాలి, మొత్తం తిన్నాను.

ప్రదర్శన మొదలైంది. నడుమ హాల్లో ఏరు నిలబడింది. పక్కన "ముట్టుకోరాదు" అని చిన్న అట్ట. వచ్చినవాళ్లంతా దాని దగ్గరే ఆగేవారు. గ్యాలరీ చూసుకునే ఆవిడ బెజవాడ వైపు మనిషి. "ఈ వంపు ఏంటండీ అసలు! మెషిన్‌తో వచ్చేది కాదు. ఎలా చేశారండీ?" అని అడిగింది.

"ప్రకృతే నేర్పిందండీ" అన్నాను. నాలుక తడబడలేదు కూడా.

పేపర్లో ఫొటో వచ్చింది. నేనూ ఏరూ పక్కపక్కన. ఆ ఫొటో హాస్టల్ పిల్లల ఫోన్లలోంచి అక్కకు చేరింది. చిన్న ఫోన్లో, నా భుజం సగం అడ్డంగా, ఆమెకు రాయి తెలియలేదు. నన్ను మాత్రం గుర్తుపట్టింది.

"మా టీచరమ్మ పేపర్ల వడ్డది! నీ ఆలుగడ్డలు అందరు చూస్తున్నరట, నేను చూడొద్దా? ఆదివారం చర్చి అయినంక తోల్కపో."

వద్దని ఎలా చెప్పాలి? చెప్పడానికి ఇంకో అబద్ధం వెతికాను, దొరకలేదు. లోపల ఎక్కడో, దొరకనందుకు హాయిగా కూడా అనిపించింది.

చర్చి తెల్లచీరలోనే ఆటో ఎక్కింది. పంజగుట్ట ఫ్లైఓవర్ మీద గాలికి కొంగు పట్టుకుని దారిపొడుగునా ముచ్చట్లు. మా మామ గీ గుట్టల్నే పగలగొట్టిండు అని చూపిస్తూ వచ్చింది. చెప్పేయి, ఇప్పుడే చెప్పేయి, ఆటోలోనే చెప్పేయి అనుకుంటూనే గ్యాలరీ మెట్లెక్కాను.

చింతగింజల్ని ఒక్కొక్కటీ చూసింది. "ఇది జర మంచిగుంది" అంది ఒకదాన్ని చూసి. తర్వాత నడుమ హాల్లోకి నడిచింది. ఏరుకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

తర్వాత దగ్గరికి పోయి రెండు అరచేతులూ వంపు మీద పెట్టింది. "అమ్మా, ముట్టుకోకూడదండీ" అంటూ గ్యాలరీ ఆవిడ పరుగున వచ్చింది. "ముట్టుకోనియ్యండి" అన్నాను. అక్క చేతులు వంపు వెంట కిందికి దిగి, నడుమ ఆగి, ఎడమ అంచు దగ్గర మెలి తిరిగాయి. బట్ట పిండినట్టే. వంగి ఎర్రచార చూసింది.

"గిది నా బండ" అంది. అడగలేదు, చెప్పింది.

"అవునక్కా."

"పగలలే?"

"పగలలే. బుల్డోజర్ రాలే. నేను దేనికీ అడ్డం నిలవడలే. నువ్వు ఫోన్ చేసిననాడు ఇది మంచిగనే ఉండె. నీకు అబద్ధం చెప్పి, ఫోన్ పెట్టేసి, గప్పుడే కోసిన." గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెప్పి, తిట్లకోసం నిలబడ్డాను. మొదటిరోజు తిట్టినట్టు నలుగురిలో నా పరువు తీస్తే చాలు, బతికిపోతాను అనుకున్నాను. తోలు లేచిన చేతులు చూపిస్తుందేమో అనుకున్నాను.

ఆమె గోడపక్క బెంచీ మీద కూర్చుంది. చేతులు చూసుకోలేదు. నావంకా చూడలేదు.

"మరి కూడికల నేను చెప్పింది?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"సాక్ష్యం చెప్పిన కద, బండ పగిలిందని, నువ్వు నిలవడ్డవని. దేవుని ముంగట, గంతమందిల. అది అబద్ధమా? నాతోని అబద్ధం సాక్ష్యం చెప్పించినవా?"

బండ గురించి, వేళ్ల గురించి, పదేళ్ల స్నేహం గురించి అడిగితే నా దగ్గర ఏడుపైనా ఉంది. సాక్ష్యం సంగతి మాత్రం నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "అక్కా, ఇది నీకిచ్చేస్త. ఇయ్యాల్నే దించి పంపిస్త" అన్నాను.

"నిలవెట్టినవ్ కద. నిలవడ్డ బండ మీద ఏం ఉతుకుత?" అంది. కోపంగా కాదు. నిజంగానే ఆలోచించి చెప్పింది. లేచి చీర సర్దుకుని, ఆటోలో నాతో రాకుండా బస్సెక్కి పోయింది.

ఆ వారమంతా ఫోన్ లేదు. గ్యాలరీలో ఏరు పక్కనున్న చీటీ మీద నా పేరు తీసి, ఇది ఇద్దరు చాకలి స్త్రీలు అరవై ఏళ్లలో చేసినది అని రాయించాను. చేతులు కాలాక పట్టుకునే ఆకులు. గ్యాలరీ ఆవిడ దాన్ని కూడా మెచ్చుకుంది. శనివారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "రేపు చర్చికి రా" అంది, పెట్టేసింది.

నా సంగతి బయటపెడుతుందని నాకు అర్థమైంది. మంచిదే అనుకున్నాను. ఇస్త్రీ చేసిన చీర కట్టుకున్నాను. ఆడవాళ్ల వైపు చాప మీద తన పక్కన నాకు చోటు ఉంచింది. కూడికకు వచ్చిన మొహాలన్నీ అక్కడే ఉన్నాయి. నన్ను చూసి నవ్వాయి, వందనాలు చెప్పాయి.

సాక్ష్యాల వేళ అక్క లేచింది.

"పోయిన నెల మా ఇంటికాడ కూడికల నేనొక సాక్ష్యం చెప్పిన. బండ పగిలిందని, ఒకలు దానికి అడ్డం నిలవడ్డరని చెప్పిన. అది నిజం కాదు. బండ పగలలే. నేను తెల్వక చెప్పిన. తెల్వక చెప్పినా నా నోటికెల్లి వచ్చింది, కాబట్టి నాదే తప్పు. దేవుడు సుత, మీరు సుత నన్ను మన్నించాలె."

ఇలాంటి సాక్ష్యం ఎవరూ విన్నట్టు లేరు. "మరి బండ ఏమైందమ్మా?" అని పాస్టరయ్య మెల్లగా అడిగాడు.

"ఉన్నదయ్యా. మంచిగనే ఉన్నది."

అంతే చెప్పింది. నా పేరు ఎత్తలేదు, నావైపు వేలు చూపలేదు, కనీసం తల తిప్పి చూడలేదు. కూడికలో నా గొప్ప విన్నవాళ్లు మాత్రం నన్ను చూస్తూనే ఉన్నారు. ఇక లేవాల్సింది నేను. లేచి, తప్పు ఈమెది కాదు, నాది అని ఒక్క ముక్క చెప్పాలి. బుల్డోజర్‌కు అడ్డం నిలబడ్డానని ఫోన్లో అంత సులువుగా అన్న మనిషికి, యాభైమంది ఆడవాళ్ల నడుమ చాప మీంచి లేవడం ఎంతసేపు? మోకాలి మీద చెయ్యి ఆనించాను. లే, లే అనుకున్నాను. లేవలేదు.

అక్క కూర్చుంది. అందరూ పాట అందుకున్నారు. నాకు ఆ పాటలు రావని ఆమెకు తెలుసు. తన పుస్తకం నా ఒళ్లో పెట్టి, పేజీ తీసి, ఎక్కడ పాడుతున్నారో వేలితో చూపించింది. ఆ వేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. అది ఒక్కో మాట కిందుగా మెల్లగా జరుగుతుంటే నేను పెదాలు మాత్రం కదిపాను.